పికప్‌కు పెద్ద టైర్లు వేస్తే లాగే శక్తి, మోసే బరువు పెరుగుతాయా?

ప్రశ్న – కె.ఆర్.పురం, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను పెళ్లిళ్లకు, సభలకు జెనరేటర్లు అద్దెకు ఇస్తుంటాను. నా డబుల్ క్యాబ్ పికప్ వెనుక తగిలించే జెనరేటర్ ట్రాలీ కాటా మీద 1,400 కిలోలు తూగింది. అది కాక బండిలో కేబుల్ చుట్టలు, డీజిల్ క్యాన్లు, నలుగురు మనుషులు ఉంటారు. కంపెనీ ఇచ్చిన 245/70 ఆర్16 టైర్లు అరిగిపోవడంతో మొన్న జె.సి. రోడ్డుకు వెళ్తే, 265/75 ఆర్16 వేయించుకోమని, టైరు పెద్దదైన కొద్దీ బండి ఎక్కువ బరువు మోస్తుందని షాపతను గట్టిగా చెప్పాడు. చిత్తూరు వైపు నాకు తరచుగా పని ఉంటుంది కనుక తిరిగి వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కక తప్పదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – హోస్కోటె, సరుకు రవాణా

మీరు రాసిన ఆ సైజునే రెండేళ్ల క్రితం నా బండికి వేయించాను కాబట్టి చెబుతున్నాను, వద్దండీ. ఖాళీ బండితో ఊళ్లో తిరిగినంత కాలం ఏ తేడా తెలియలేదు, పైగా చూడముచ్చటగా ఉందని సంతోషించాను. తర్వాత చిత్తూరులో మామిడికాయలు ఎత్తుకొని బయలుదేరితే, మొగిలి ఘాట్‌లో ఎప్పుడూ నాలుగో గేరులో ఎక్కే చోట బండి పుల్లింగ్ చాలక మూడుకు, ఒక మలుపులో లారీ వెనుక ఆగి కదిలేటప్పుడు ఒకటికి దించవలసి వచ్చింది. అక్కడ హాఫ్ క్లచ్ మీద నెట్టుకు రావడంతో క్యాబిన్ అంతా క్లచ్ ప్లేటు కాలిన వాసన వచ్చింది, వేడి ముల్లు ఎన్నడూ లేనంత పైకి పోయింది. పలమనేరు చేరాక బానెట్ ఎత్తి అరగంట కూర్చున్నాను. నాలుగు నెలలకే క్లచ్ సెట్టు మార్చాను. దానికైన ఖర్చులో పాత సైజు టైర్లు రెండు వచ్చేవి.

జవాబు – పీణ్య, వర్క్‌షాపు

పై మిత్రుడి అనుభవానికి కారణం లెక్కలోనే ఉంది. 245/70 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 749 మిల్లీమీటర్లు, 265/75 ఆర్16 ఎత్తు దాదాపు 804. ఇంజను, గేర్లు, క్రౌన్ (వెనుక ఇరుసులో చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం) మారనప్పుడు ఇరుసు తిప్పే బలం అంతే ఉంటుంది కానీ, అది నేలను తాకే చోటు ఇరుసుకు దూరమైన కొద్దీ నెట్టే శక్తి తగ్గుతుంది. ఈ సైజు తేడాకు దాదాపు 7 శాతం పోతుంది. క్రౌన్ నిష్పత్తి 4.10 (అంటే షాఫ్టు 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు) ఉన్న బండి 3.82 ఉన్నట్టు నడుస్తుందన్న మాట. బ్రేకులకూ ఇదే లెక్క వర్తిస్తుంది కనుక దిగుడులో పెడల్ ఇంకా గట్టిగా తొక్కవలసి వస్తుంది. స్పీడోమీటరు 80 చూపినప్పుడు బండి నిజానికి 86 దగ్గర పోతుంటుంది.

ఇక బరువు సంగతి. షాపతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అది ప్రమాదకరం. టైరు పక్క గోడ మీద సైజు పక్కన ఉండే లోడ్ సూచిక 111 అయితే ఒక టైరు 1,090 కిలోలు, 116 అయితే 1,250 కిలోలు మోయగలదు. అలా చూస్తే నాలుగు టైర్లకు 640 కిలోలు కలిసి వచ్చినట్టు కనిపిస్తుంది. అయితే అది టైరు మోయగలిగే బరువే తప్ప బండి మోయగలిగేది కాదు. కమాన్ పట్టీలు, ఇరుసు హౌసింగ్, బేరింగులు, ఛాసిస్, బ్రేకులు పాతవే కనుక ఆర్‌సి మీద రాసిన మొత్తం బరువు ఒక్క కిలో కూడా పెరగదు. పైగా ఒక్కో టైరు ఆరు కిలోలు ఎక్కువ తూగినా, స్టెప్నీతో కలిపి 30 కిలోల సరుకు మీరే వదులుకోవాలి.

ట్రాలీ లాగేవారు చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. ఈ టైర్లతో బండి, దానితో పాటు వెనుక ట్రాలీ తగిలించే కొక్కెం 27 మిల్లీమీటర్లు లేస్తుంది. ట్రాలీ ముక్కు పైకి లేచిన కొద్దీ కొక్కెం మీద పడే బరువు తగ్గుతుంది. ఆ బరువు ట్రాలీ మొత్తంలో పదో వంతు, అంటే మీకు 140 కిలోల దాకా ఉండాలి. మరీ తగ్గితే వేగంలో ట్రాలీ అటూ ఇటూ ఊగి బండి తోకను లాగేస్తుంది. ఆ 140 కిలోలు కూడా బండి మోసే సరుకు కిందికే వస్తాయని మరచిపోకండి.

జవాబు – వైట్‌ఫీల్డ్

ఒక్క మాట చేర్చుతాను. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. అధిక లోడుకు 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా ఉంది. ప్రమాదం జరిగితే బీమావారు ముందుగా చూసేవాటిలో టైరు సైజు ఒకటి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పీణ్య గారు రాసింది చదివాక, బియ్యం బస్తాలు తూచే కాటాను పక్కింటి కొట్టు నుండి తెచ్చి ట్రాలీ ముక్కు కింద పెట్టి చూశాను. 95 కిలోలే చూపించింది. హైవే మీద ట్రాలీ ఊగుతుంటే ఇన్నాళ్లూ గాలి వల్లనే అనుకున్నాను. వెనుక బిగించిన పనిముట్ల పెట్టెను ముందుకు మార్చాక 135కు వచ్చింది. టైర్లు మాత్రం అదే 245/70 ఆర్16లో, లోడ్ సూచిక 111కు తగ్గకుండా చూసి తీసుకుంటున్నాను. ఒక చిన్న సందేహం మిగిలింది: ట్రాలీ తగిలించినప్పుడు వెనుక టైర్లలో గాలి, డోరు పక్క స్టిక్కరు మీద పూర్తి లోడుకు రాసిన అంకె ప్రకారమే ఉంచాలా?

జవాబు – పీణ్య, వర్క్‌షాపు

అవును, పూర్తి లోడు అంకెనే పాటించండి. అయితే బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. ట్రాలీ టైర్లకు దాని టైరు గోడ మీద ఉన్న అంకె మించకుండా వేరుగా చూసుకోండి.