అప్‌డేట్: 1943 అమెరికా రాగి సెంట్ నాణెం అసలుదేనా అని అడిగాను కదా
పాత చిల్లర డబ్బాలో దొరికిన ఈ లింకన్ సెంట్ (లింకన్ బొమ్మ ఉన్న ఒక సెంటు నాణెం) గురించి అడిగితే చాలామంది మాగ్నెట్ పెట్టమన్నారు, పెట్టా, అంటుకోలేదు, తూకం కూడా 3.1 గ్రాములు వచ్చింది (ఆ ఏడాది రాగి యుద్ధానికి కావాలని స్టీల్‌తో కొట్టినవి 2.7 ఉంటాయి), ఇక ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. కాయిన్ షాప్ ఆయన లెన్స్ కింద పెట్టి చూపించారు, అసలు 1943లో 3 తోక బాగా కిందికి సాగి ఉంటుందట, దీంట్లో మాత్రం సగం 8లా ఉంది, ఎడమ పక్క గీకిన చోట మెటల్ కాస్త పల్లంగా వేరే రంగులో మెరుస్తోంది. అంటే ఇది 1948 నాటి మామూలు రాగి సెంటే, 8ని గీకి 3 చేశారు. మాగ్నెట్ రాగి పూత పూసిన స్టీల్‌ని పట్టిస్తుంది కానీ దీన్ని పట్టించలేదు, అందుకే ఎవరికైనా ఇలాంటిది దొరికితే ముందు ఆ 3 చూడండి ప్లీజ్. మిగిలిపోయిన ఖాళీ రాగి బిళ్లల మీద పొరపాటున 1943 ముద్ర పడిన అసలైనవి చాలా కొద్దే ఉన్నాయి, ఒక్కటైనా కళ్లారా చూడాలనుంది. హెల్ప్ చేసిన అందరికీ థాంక్స్ అండి.