‘ప్రైడ్’ పక్కన ఇన్నా, ఆన్నా? పనిలో పనిగా ‘దృప్తుడనై’ సంగతి

నల్లకుంట: మా అమ్మాయి కాలేజీ వార్షికోత్సవానికి ‘వుయ్ ప్రైడ్ అవర్‌సెల్వ్స్ ఇన్ డిసిప్లిన్’ అని రాసుకుంది. ఆ ‘ఇన్’ చెవికి ఆనడం లేదు. అది చూసినప్పటి నుంచీ ‘తెలివి యొకింత లేనియెడ’ పద్యంలోని ‘కరిభంగి సర్వమున్ దెలిసితినంచు గర్వితమతిన్’ నోట్లో ఆడుతోంది. దాని ముందున్నది తృప్తుడనై (తృప్తి పొంది) అన్న మాటా, దృప్తుడనై (గర్వించి) అన్న మాటా?

సైనిక్‌పురి: ‘ఆన్’ అండి. ‘టేక్ ప్రైడ్’కి ఇన్, ‘ప్రౌడ్’కి ఆఫ్, క్రియ వస్తే టు. ఇక పద్యంలో దృప్తుడే. సంస్కృత మూలంలో భర్తృహరి ‘ద్విప ఇవ మదాంధః’, ఏనుగులా మదంతో కళ్లు కనబడక, అన్నాడు, ఏనుగు లక్ష్మణకవి దాన్నే తెలుగు చేశాడు. మదించిన ఏనుగు దగ్గర తృప్తికి చోటెక్కడిది?

చిక్కడపల్లి: తొందరపడకండి. ‘లేనియెడ’లోది అసలు ‘ఎడన్’, ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీది పరుషం సరళమవుతుంది, అంటే ‘త’ ‘ద’ అవుతుంది కాబట్టి తృప్తుడే దృప్తుడుగా కనబడతాడు. నా ప్రతిలో డకారం పక్కన అరసున్న కూడా ఉంది, అది ఆదేశ సరళానికి, అంటే అలా మారి వచ్చిన సరళానికి గుర్తు. తెలివి ఒకింత లేనివాడికి తనకున్నదే చాలనిపిస్తుంది, ఆ చాలనుకోవడమే గర్వానికి మొదలు. మూలంలో లేని మెట్టు ఒకటి మన కవి కట్టాడు. నాకు అదే అందం.

కూకట్‌పల్లి: అరసున్న అచ్చువేసినవారి చేతిది కూడా కావచ్చు మాస్టారూ. పైగా ఆ అక్షరం చంపకమాలలో పదకొండోది, యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. ‘తె’కు తృ అయినా దృ అయినా చెల్లుతుంది. గణాలూ మారవు. ఛందస్సు ఎవరి పక్షమూ పట్టదు.

సైనిక్‌పురి: నాలుగో పాదం చూడండి, ‘గతమయ్యె నితాంత గర్వమున్’. చివర పోయింది గర్వమైతే మొదట ఉండాల్సింది దర్పమే కదా!

చిక్కడపల్లి: గర్వం రెండో పాదంలో ‘గర్వితమతిన్’ అని వచ్చేసింది. మొదటి పాదంలోనూ అదే చెబితే పునరుక్తి.

మెహదీపట్నం: గర్వం అంటే నాకు పోతనే. ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే’! శుక్రాచార్యుడు వద్దంటున్నా బలి ఇచ్చిన మాట మీద నిలబడి అంటాడు. రాజుల గర్వం మిగలదని చెప్పే నోటితోనే, ఆడి తప్పనన్న అభిమానమూ పలుకుతాడు. ఇంగ్లీషువాడికి ఆ రెండూ ప్రైడే. మనకు ఒకటి దోషం, ఒకటి గుణం. అందుకే ‘ప్రౌడ్ ఆఫ్’ను ‘గర్వపడుతున్నాను’ అని రాస్తే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కూకట్‌పల్లి: ‘గర్వకారణం’ వాడుకలో స్థిరపడిపోయిందండీ, దాన్ని ఇప్పుడు తప్పనలేం.

మెహదీపట్నం: తప్పనడం లేదు. బలి నోట వింటే ఆ మాట బరువు వేరు అంటున్నాను.

నల్లకుంట: అమ్మాయి ‘టేక్ ప్రైడ్ ఇన్’ అని మార్చుకుందండి. అలా అంటే డప్పు కొట్టుకున్నట్టు ఉండదు కదా?

చిక్కడపల్లి: దానికి తర్వాత వద్దాం. పాత వావిళ్ల ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం ఫొటో పెట్టండి.