పైథాన్ ఫంక్షన్‌ని వెబ్ ఏపీఐగా పెట్టాను: 422 (పంపిన డేటా సరిపోలేదనే ఎర్రర్) వస్తోంది, ఒక రిక్వెస్ట్ నడుస్తుంటే మిగతావి ఆగిపోతున్నాయి

ప్రశ్న:
నంబర్ల లిస్టు, ఒక లిమిట్ తీసుకుని లెక్కకట్టే ఫంక్షన్ ఉంది. నంపై (లెక్కల లైబ్రరీ)తో రాసింది, ఒక్కోసారి 20 సెకన్లు పడుతుంది. ఫాస్ట్ఏపీఐ (వెబ్ ఏపీఐలు రాసే పైథాన్ ఫ్రేమ్‌వర్క్)లో అసింక్ డెఫ్‌గా పోస్ట్ రూట్ పెట్టి యూవికార్న్ సర్వర్‌తో నడుపుతున్నాను. లిస్టు, లిమిట్ రెండూ జేసన్‌లో పంపినా 422. లెక్క నడుస్తున్నంతసేపూ హెల్త్ చెక్ (సర్వర్ బతికుందా అని చూసే రూట్) కూడా పలకదు. పక్క మెషీన్ నుంచైతే కనెక్షన్ రిఫ్యూజ్డ్.

జవాబు 1:
చివరిది తేలికండి. యూవికార్న్ మామూలుగా 127.0.0.1 మీదే, అంటే అదే మెషీన్ నుంచి వచ్చేవే వింటుంది. హోస్ట్ 0.0.0.0 (అన్ని నెట్‌వర్క్ అడ్రస్‌లూ) ఇవ్వండి, ఫైర్‌వాల్‌లో పోర్ట్ తెరవండి.

422 సంగతి: విడి పారామీటర్లు రాస్తే లిస్టుని బాడీలో, లిమిట్‌ని యూఆర్ఎల్ క్వెరీలో వెతుకుతుంది. ఎర్రర్‌లోని 'లోక్' (loc, ఎక్కడ తప్పో చెప్పే ఫీల్డ్) చూడండి, 'క్వెరీ' అని అక్కడే ఉంటుంది. పైడాంటిక్ బేస్‌మోడల్ (డేటా ఆకారాన్ని చెప్పే) క్లాస్ ఒకటి రాసి రెండు ఫీల్డులూ అందులో పెట్టండి.

జవాబు 2:
ఆగిపోవడానికి కారణం అసింక్. లోపల అవెయిట్ లేని బరువైన లెక్క ఈవెంట్ లూప్‌నే (రిక్వెస్టులన్నిటినీ వంతులవారీగా నడిపేదాన్ని) పట్టుకు కూర్చుంటుంది. అసింక్ తీసేసి ఉత్త డెఫ్ పెడితే ఫాస్ట్ఏపీఐ దాన్ని థ్రెడ్ పూల్‌లోకి పంపుతుంది (డిఫాల్ట్‌గా 40 థ్రెడ్లు). హెల్త్ చెక్ పలుకుతుంది. లెక్క వేగం మాత్రం పెరగదు: పైథాన్ లూపులైతే జీఐఎల్ (పైథాన్ లోపలి తాళం) వల్ల ఒక సమయంలో ఒక థ్రెడ్డే నడుస్తుంది. దానికి వర్కర్లు పెంచాలి. ఒక్కో వర్కర్ వేరే ప్రాసెస్, మెమరీ అన్ని రెట్లు కావాలి, గ్లోబల్ వేరియబుల్స్ ఒకదానివి మరొకదానికి కనబడవు.

ప్రశ్న అడిగినవారు:
422 పోయింది, హెల్త్ చెక్ పలుకుతోంది. ఇప్పుడు రిటర్న్ దగ్గర 500 (సర్వర్ లోపలి ఎర్రర్).

జవాబు 2:
నంపై అర్రే నేరుగా ఇస్తున్నట్టున్నారు. టోలిస్ట్ (tolist) పిలిచి మామూలు లిస్టుగా ఇవ్వండి. ఫ్లోట్32 విలువ కూడా పడిపోతుంది. ఫ్లోట్64 పైథాన్ ఫ్లోట్‌కి సబ్‌క్లాస్ కనక గడిచిపోతుంది, అందుకే టెస్టుల్లో ఇది దొరకదు. నాన్ (NaN, సంఖ్య కానిది) విలువలకి జేసన్‌లో చోటే లేదు, నన్ (None)‌గా మార్చండి.

జవాబు 3:
20 సెకన్ల పనిని ఒకే రిక్వెస్ట్‌లో ఉంచడం నాకు నచ్చదు. మీ సర్వర్ ముందు ఎన్జిన్ఎక్స్ (రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే ప్రాక్సీ) ఉంటే డిఫాల్ట్‌గా 60 సెకన్లకి 504 (టైమవుట్) ఇస్తుంది. లిస్టు పెరిగిన రోజున తగులుతుంది. పైగా క్లయింట్ వదిలేసి వెళ్లినా థ్రెడ్‌లో లెక్క ఆగదు, మళ్లీ నొక్కితే రెండోది మొదలవుతుంది. 202 (అందింది, పని ఇంకా కాలేదు)తో జాబ్ ఐడీ ఇచ్చి, ఫలితం మరో గెట్ రూట్‌లో ఇవ్వండి. ఐడీలు మెమరీలో దాచకండి, వర్కర్లు మారతాయి. రెడిస్ (విడిగా నడిచే డేటా స్టోర్)‌లోనో డేటాబేస్‌లోనో పెట్టండి.

వేరే అడ్రస్‌లోని పేజీ నుంచి బ్రౌజర్ పిలిచేటట్టయితే కోర్స్ (CORS, వేరే సైట్లకి అనుమతిచ్చే) మిడిల్‌వేర్ కూడా కావాలి. లేకపోతే బ్రౌజర్ అనుమతి అడుగుతూ ముందు పంపే ఆప్షన్స్ రిక్వెస్ట్‌కి 405 (ఈ పద్ధతి ఒప్పుకోను) వస్తుంది. కర్ల్ (కమాండ్ లైన్ టూల్)‌లో మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. ఆరిజిన్ (ఆ పేజీ అడ్రస్) రాసేటప్పుడు డిఫాల్ట్ కాని పోర్ట్ అయితే అది ఉండాలి, చివర స్లాష్ ఉండకూడదు.