ఒంటిపూట బడులు పిల్లల్ని ఎండ నుంచి కాపాడుతున్నాయా?

పలకబలపం:
మాది ఖమ్మం జిల్లాలో పల్లెటూరి బడి. మార్చి 15 నుంచి ఒంటిపూట. పొద్దున 8 గంటలకు మొదలు, పన్నెండున్నరకు అన్నం పెట్టి పంపేస్తాం. అంటే సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు రోడ్డెక్కిస్తున్నాం. నిన్న మూడో తరగతి పాప కడిగిన స్టీలు పళ్లెం నెత్తిన బోర్లించుకుని పోయింది. కాళ్లకు చెప్పుల్లేవు, తారు కాలుతుంటే రోడ్డు పక్క గడ్డి మీద గెంతుతూ నడిచింది. నా మాటైతే, ఎండ తగ్గేదాకా, 4 గంటల వరకు, బడి నీడనే ఉంచాలి.

వేపచెట్టు:
ఒప్పుకోను మేడమ్. మా అబ్బాయి గదిలో నలభై మంది, రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే త్వరగా వేడెక్కుతుంది, దాహమైనా నోరు తెరిచి అడగరు. ఏడింటికే మొదలుపెట్టి పదకొండుకి ఇంటికి పంపండి.

మిర్చిఘాటు:
ఎవరి ఇంటికి అన్నా? మాది రేకుల ఇల్లు, మధ్యాహ్నం లోపల కూర్చోలేం. ఈ రోజుల్లో నేనూ మా ఆయనా మిరప కోతకు పోతాం. బడి వదిలాక మా పిల్లాడు ఎక్కడ తిరుగుతున్నాడో సాయంత్రం దాకా తెలియదు. పోయినేడు మా వీధి పిల్లలు బావిలో ఈతకు దిగారు, ఒకడు పైకి రాలేదు. ఆ చావును వడదెబ్బ లెక్కలో ఎవరూ రాయరు.

వేపచెట్టు:
అక్కా, నాకది తట్టలేదు. నిజమే. కానీ ఆ గదుల్లోనే నాలుగింటి దాకా ఉంచితే మాత్రం నేను ఊరుకోను. ముందు కప్పు సంగతి చూడండి.

పలకబలపం:
2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం, అంటే ఎండకు కప్పు వేడెక్కకుండా చూసేది, తెచ్చింది, ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి అంది. మా శ్లాబు ఇంకా నల్లగానే ఉంది. తెల్ల సున్నం కొడితే గదిలో రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. ఇంకో సంగతి. 2024లో ఆంధ్రాలో నీళ్ల గంట పెట్టారు, గంట కొట్టగానే పిల్లలంతా నీళ్లు తాగాలి. మంచిదే. కానీ మరుగుదొడ్డి బాగోలేని బడిలో ఆడపిల్లలు నీళ్లు తాగడమే మానేస్తారు, నేను రోజూ చూస్తున్నా. గంటతో పాటు మరుగుదొడ్డికి తలుపు, గడియ కూడా కావాలి.

మిర్చిఘాటు:
మా ఊళ్లోనూ ఇదే అడుగుతా మేడమ్. సున్నం కొట్టే రోజు కూలి మానుకుని వస్తాం. నాలుగింటి దాకా పిల్లల్ని ఉంచుతామని హెడ్‌మాస్టరు ఒప్పుకుంటే చాలు.