తెలంగాణ గ్రామరాజ్యాలను 'సోవియటీకరణ' అనొచ్చా?

చిక్కడపల్లి చదువరి:
సెప్టెంబర్ 17 దగ్గర పడితే చాలు, మన హైదరాబాద్‌లో విలీనమా, విమోచనా, విద్రోహమా అని ఏటా అదే గొడవ. ఈసారి మా ఫ్రెండ్ ఇంకో మాట తెచ్చాడు. 1946-51 మధ్య కమ్యూనిస్టులు నల్గొండ, వరంగల్ ఊళ్లలో గ్రామరాజ్యాలు పెట్టి చేసింది సోవియటీకరణేనట. అంటే సోవియట్ యూనియన్ వ్యవస్థను జనం నెత్తిన రుద్దడం. ఇక్కడ ఆ మాట అతుకుతుందా?

ముషీరాబాద్ మాస్టారు:
అస్సలు అతకదు. రుద్దడమంటే ఏంటో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలో చూడాలి. 1940 జూన్‌లో సోవియట్ ఎర్రసైన్యం దిగింది. జూలైలో ఎన్నికలన్నారు, పోటీలో ఉన్నది ఒక్క జాబితానే. ఆగస్టుకల్లా మూడు దేశాలూ సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. అందరి పొలాలూ కలిపి ఉమ్మడిగా సాగుచేసే సమష్టి క్షేత్రాల్లో రైతులు చేరకుండా మొరాయిస్తుంటే 1949 మార్చిలో నాలుగే రోజుల్లో దాదాపు 90 వేల మందిని రైళ్లెక్కించి సైబీరియా వైపు తోలేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. ఆ దెబ్బకు మిగతా రైతులు బిలబిలా చేరిపోయారు.

ఇక్కడో? పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేలో పంట కోసుకుపోదామని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులొస్తే, కమ్యూనిస్టులు నడిపిన ఊరి సంఘం వాళ్లు అడ్డం తిరిగి ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు. దొరల భూమిని రైతులకు పంచారు, సమష్టి క్షేత్రాలు పెట్టలేదు. ఎవరు ఎవరి నెత్తిన రుద్దినట్టు?

ఎల్బీనగర్ కుర్రోడు:
మాస్టారూ, రష్యాలో కూడా 1917లో ముందు పంచారు. 1929 తర్వాత అదే భూమిని సమష్టి క్షేత్రాల్లో కలిపేశారు. మనవాళ్లకు అంతదూరం వెళ్లే టైమ్ దొరకలేదు, అంతే. 1948లో నిజాం లొంగిపోయాక కూడా తుపాకులు దించలేదు కదా? అప్పుడిక ఆగాలని పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారే అన్నారు.

ముషీరాబాద్ మాస్టారు:
భారత సైన్యం వెనకాలే దొరలు కూడా ఊళ్లకు తిరిగొచ్చారు బాబూ. రైతులు పంచుకున్న భూమి మళ్లీ లాక్కుంటుంటే చేతులు కట్టుకు కూర్చోవాలా? అదే రావి నారాయణరెడ్డి 1952లో నల్గొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచారు. రుద్దించుకున్న జనం వేసే ఓట్లా అవి?

ఎల్బీనగర్ కుర్రోడు:
ఆ ఓట్లు భూమికి పడ్డాయి, స్టాలిన్‌కు కాదు.

సూర్యాపేట ఆడపడుచు:
ఇద్దరూ భూమి దగ్గరే ఆగిపోయారు. పోలండ్ సంగతి చూడండి. 1956 తర్వాత అక్కడి సమష్టి క్షేత్రాలు చాలావరకు రద్దయ్యాయి, పొలాలు రైతుల చేతికొచ్చాయి. అయినా పోలీసులు, పత్రికలు, కోర్టులు పార్టీ గుప్పిట్లోనే ఉన్నాయి. అంటే పొలం ఎవరిదన్న దాన్నిబట్టే ఆ మాట వాడలేం. ఊళ్లో కాదన్నవాడి గతేంటో కూడా అడగాలి. మా వైపు పగలు మిలిటరీ, రాత్రి కమ్యూనిస్టుల సాయుధ దళం. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం వస్తే దళం వాళ్లు చంపిన సంగతీ ఉంది, అన్నం పెట్టినందుకు మిలిటరీ చావగొట్టిన సంగతీ ఉంది. మాస్టారూ, మొదటిది మీరు ఎత్తనే లేదు. అలాగని సోవియటీకరణ అనను. వెనక ఏ రాజ్యమూ లేని దళాన్ని ఎర్రసైన్యంతో జత కట్టలేం.

ముషీరాబాద్ మాస్టారు:
చంపారు, కాదనను తల్లీ. కానీ యుద్ధంలో జరిగినదాన్ని వ్యవస్థ అంటే ఒప్పుకోను.

ఎల్బీనగర్ కుర్రోడు:
అక్కా, రాజ్యం లేదంటున్నారు సరే. పంచాయితీ తీర్పులు, శిస్తులు, శిక్షలు అన్నీ సంఘం చేతిలోనే ఉన్నప్పుడు దానికి గ్రామరాజ్యం అని పేరు పెట్టిందెవరు?