ఎమ్మెల్యేల పట్టిక కుదరడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

పట్టిక తమ్ముడు:
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. మా నియోజకవర్గంలో మొదటి నుంచి గెలిచినవాళ్ల పట్టిక రాసి ఊరి గ్రంథాలయంలో గోడకు పెట్టాలి. ఐదేళ్లకో గడి చొప్పున గీశాను. ఎంత సర్దినా పేర్లు మిగిలిపోతున్నాయి. పైగా ఒకే ఆయనకు ఒకచోట టీఆర్‌ఎస్ అనీ, ఇంకోచోట బీఆర్‌ఎస్ అనీ ఉంది. రేపు సాయంత్రానికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

బాటసారి:
ఏ నియోజకవర్గం?

పట్టిక తమ్ముడు:
మునుగోడు అన్నా.

మర్రిగూడ బిడ్డ:
పేర్లు రాస్తే సరిపోతుందా తమ్ముడూ? ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషులు మా మండలంలో ఎన్ని ఎన్నికలు చూశారో ఆ గోడ మీద రాయాలి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతివాళ్లూ కృష్ణా నీళ్లు తెస్తామన్నవాళ్లే. ఇంటింటికీ తాగునీరిచ్చే వాటర్ గ్రిడ్ పథకం పైలాన్ (ప్రారంభ స్తూపం) 2015లో చౌటుప్పల్‌లోనే ఎందుకు పెట్టారు? ఈ బాధ ఇక్కడిది కాబట్టి. మా చరిత్ర నీళ్లతో మొదలవుతుంది.

రిటైర్డ్ మాస్టారు:
నీళ్ల సంగతి నిజమే, కానీ అబ్బాయి అడిగింది వేరు. బాబూ, ఐదేళ్ల గడులు చెరిపేయి. ఎన్నికలు ఆ లెక్కన జరగలేదు. 1967, 72 తర్వాత 78లో వచ్చాయి. 1983 తర్వాత రెండేళ్లకే, ఎన్టీఆర్ సభను రద్దు చేయించడంతో 85లో మళ్లీ జరిగాయి. తర్వాత 89, 94, 99, 2004, 2009, 2014. కేసీఆర్ ముందే రద్దు చేయడంతో 2018 డిసెంబర్‌లో ఒకటి, రాజగోపాల్ రెడ్డి రాజీనామాతో 2022 నవంబర్‌లో ఉప ఎన్నిక, 2023లో మళ్లీ సాధారణ ఎన్నిక. మొత్తం 14 గడులు.

మొదటి నాలుగూ పాల్వాయి గోవర్ధన్ రెడ్డివి, కాంగ్రెస్. 83లో ఎన్టీఆర్ గాలిని కూడా తట్టుకున్నారు. 85, 89, 94 సీపీఐ ఉజ్జిని నారాయణరావువి. 99లో మళ్లీ పాల్వాయి. 2004 పల్లా వెంకట్ రెడ్డి, 2009 ఉజ్జిని యాదగిరి రావు, ఇద్దరూ సీపీఐ. 2014 కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి, 2018 కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి, 2022 కూసుకుంట్ల, 2023 రాజగోపాల్ రెడ్డి.

ఎర్రజెండా:
అందుకే మునుగోడు కమ్యూనిస్టుల కోట. అది పైన పెద్ద అక్షరాలతో రాయి.

బాటసారి:
కాదు. కాంగ్రెస్ 7, సీపీఐ 5.

ఎర్రజెండా:
1985 నుంచి 2009 దాకా ఆరింట్లో ఐదు గెలిస్తే కోట కాక ఏమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
ఆ ఐదూ పొత్తులో వచ్చినవే. 85, 89, 94 తెలుగుదేశంతో. 2004లో కాంగ్రెస్, టీఆర్‌ఎస్‌లతో. 2009లో తెలుగుదేశం, టీఆర్‌ఎస్, వామపక్షాలు కలిసిన మహాకూటమి. 99లో తెలుగుదేశం బీజేపీ వైపు వెళ్లగానే సీటు చేజారింది. సీపీఐకి ఇక్కడ గట్టి ఓటుంది, కాదనను. 2022లో కూసుకుంట్ల 10,309 ఓట్లతో గట్టెక్కారంటే వామపక్షాల మద్దతు ఉంది కాబట్టే. కానీ ఆ ఓటు పక్కవాడిని గెలిపించినంత తేలికగా ఒంటరిగా గెలవలేదు.

ఎర్రజెండా:
కార్యకర్తల కష్టాన్ని పొత్తు లెక్కలో కొట్టేయకండి సార్. జెండా మోసింది మేము.

పట్టిక తమ్ముడు:
అన్నా, 2022కి పార్టీ ఏది రాయాలి?

బాటసారి:
టీఆర్‌ఎస్. బీఆర్‌ఎస్‌గా పేరు మార్పుకు ఎన్నికల సంఘం ఒప్పుకున్నది ఆ డిసెంబర్‌లో. పోలింగ్ నవంబర్ 3న.

మర్రిగూడ బిడ్డ:
రాజగోపాల్ రెడ్డి పేరు పక్కన పార్టీ జాగ్రత్తగా రాయి. గెలిచిన రెండుసార్లూ కాంగ్రెస్, మధ్యలో ఓడినప్పుడు బీజేపీ. చౌటుప్పల్, నారాయణపురం ఇప్పుడు యాదాద్రి జిల్లాలో ఉన్నాయి, అది కూడా వేయి.

పట్టిక తమ్ముడు:
14 గడులు సరిపోయాయి. థాంక్స్ అన్నా, థాంక్స్ సార్.

ఎర్రజెండా:
మాస్టారూ, 99 సంగతి ఇంకా తేలలేదు.