అప్‌డేట్: కడప చరిత్ర మీద పాత పుస్తకాలు దొరికాయి

పోయిన నెల ఇక్కడే అడిగినా: ప్రాజెక్టు కోసం కాలేజీ లైబ్రరీ కంప్యూటర్‌లో ఇంగ్లీషులో 'కడప' అని కొడితే నాలుగైదు కొత్త పుస్తకాలే వస్తున్నాయి, పాతవి ఎట్లా వెతకాలి అని. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది స్పెల్లింగ్ సలహా. 2005 దాకా అధికారికంగా ఊరి పేరు 'సి'తో మొదలయ్యేది, మధ్యలో రెండు 'డి'లు, చివర 'హెచ్'. అట్లా కొడితే 1875లో బ్రిటిష్ అధికారి గ్రిబుల్ రాసిన జిల్లా మాన్యువల్ (జిల్లా చరిత్ర, వివరాల పుస్తకం) వెంటనే వచ్చింది. కానీ ఆంధ్ర అరలో, 954.84 (లైబ్రరీలో విషయాన్ని బట్టి పుస్తకాలకిచ్చే డ్యూయీ నంబరు) దగ్గర, ఎంత వెతికినా లేదు. 1953 దాకా మనం మద్రాసు కింద ఉన్నాం గదా, లైబ్రేరియన్ సార్ నేరుగా తమిళనాడు అరకు, 954.82కు తీసుకుపోయినారు. అడుగు వరసలో ఉంది! అంచులు గోధుమరంగు తిరిగినాయి, పేజీ తిప్పితే పొడి రాలుతోంది. జిరాక్సుకు ఇవ్వలేదు, అదే మంచిది. ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నా.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినాక సంగతులు కావాలంటే 'దత్త మండలాలు' అని కూడా వెతకండి, చాలా వస్తాయి.

కైఫీయత్తుల (ఊర్ల చరిత్రలు రాసిపెట్టిన పాత రికార్డుల) కోసం హైదరాబాద్ పోవాల్సిన అవసరం పడలేదు. అవి కడపలోని మన బ్రౌన్ గ్రంథాలయంలోనే చూసినా.